నదిలో వేసిన అన్నం ఎవరికి చేరుతుంది?

చైనా సంప్రదాయ పంచాంగంలో అయిదవ నెల అయిదవ రోజున దువాన్వు పండుగ వస్తుంది. ఆనాడు ఇంటింటా వండే జోంగ్‌జి చూడడానికి ఎంత సామాన్యమైన వంటకమో, అది లేవనెత్తే ప్రశ్న అంత చిక్కైనది. జిగురు బియ్యాన్ని వెదురాకుల్లోనో రెల్లు ఆకుల్లోనో మూలలు తేలేలా చుట్టి, దారంతో బిగించి, గంటల తరబడి నీటిలో ఉడికించిన పొట్లమే జోంగ్‌జి. ఉత్తరాది వారు అందులో ఎండు రేగుపళ్లు పెట్టి తీపిగా తింటే, యాంగ్‌ట్సీ నదికి దక్షిణాన జియాషింగ్ వంటి ఊళ్లవారు సోయా రసంలో ఊరిన పంది మాంసం పెడతారు, గ్వాంగ్‌డాంగ్ వారు పెసరపప్పూ ఉప్పులో ఊరిన బాతుగుడ్డు పచ్చసొనా చేరుస్తారు. ఇది ఎందుకు చేస్తారని అడిగితే బడిపిల్లలు సైతం చెప్పే జవాబు ఒకటే: క్రీ.పూ. మూడవ శతాబ్దంలో చు రాజ్యపు మంత్రి, కవి అయిన చ్యూ యువాన్ నదిలో మునిగి ప్రాణం విడిచాడు గనుక, అతని కోసం జనం ఆ నీటిలో అన్నం వేశారు గనుక. ఈ జవాబు విన్నవారికి మరి కొన్ని సందేహాలు కలుగుతాయి. చనిపోయినవాడు అన్నం తింటాడా, తినకపోతే పెట్టడం దేనికి, తింటాడనుకున్నా రక్తసంబంధం ఏమాత్రం లేని లోకమంతా అతనికి పెట్టవచ్చునా అన్నవి చైనా ఆలోచనాపరులు వందల ఏళ్లపాటు తర్కించిన ప్రశ్నలు.

చ్యూ యువాన్ గురించి దొరికే తొలి సమగ్ర కథనం అతను పోయిన దాదాపు రెండు శతాబ్దాల తరువాత సిమా చియెన్ రాసిన 'షీజీ' అనే బృహత్ చరిత్రగ్రంథం 84వ అధ్యాయంలో ఉంది. రాజవంశానికి బంధువైన చ్యూ యువాన్, హువాయ్ రాజు కొలువులో ఉన్నత పదవిలో ఉంటూ, పడమట బలపడుతున్న చిన్ రాజ్యాన్ని నమ్మవద్దనీ, తూర్పున ఉన్న చీ రాజ్యంతో పొత్తు వదులుకోవద్దనీ హితవు చెప్పాడు. తోటి అధికారుల చాడీలకు చెవి ఒగ్గిన రాజు అతన్ని దూరం పెట్టి, చివరికి చిన్ వారి ఆహ్వానం నమ్మి వెళ్లి, అక్కడే బందీగా చనిపోయాడు. తరువాత గద్దె ఎక్కిన కొడుకు చ్యూ యువాన్‌ను దక్షిణాదికి వెళ్లగొట్టాడు. క్రీ.పూ. 278లో చిన్ సేనాని బాయ్ చీ చు రాజధాని యింగ్‌ను పట్టుకోవడమూ, ఆ దుఃఖం భరించలేక చ్యూ యువాన్ నేటి హునాన్ రాష్ట్రంలోని మిలువో నదిలో దూకడమూ ఒకే ఏడాది జరిగాయని సంప్రదాయం కలిపి చెబుతుంది. సిమా చియెన్ నది పేరు చెప్పాడు, రాయిని గుండెలకు హత్తుకుని దూకాడని చెప్పాడు. కాని అది ఏ నెల ఏ రోజో చెప్పలేదు, పడవల మాట లేదు, అన్నం మాట అసలే లేదు. ఆ మడుగు చూసి కంటతడి పెట్టుకున్నట్టు రాసుకున్న చరిత్రకారుడే వీటిని పేర్కొనకపోవడం తేలికగా తీసిపారేయదగిన విషయం కాదు.

గ్రంథస్థమైన సాక్ష్యాన్ని బట్టి చూస్తే, చ్యూ యువాన్ కోసం నదిలో మొదట పడినవి అక్షరాలే. క్రీ.పూ. రెండవ శతాబ్దంలో హాన్ చక్రవర్తి ఆస్థానం నుంచి చాంగ్షాకు పంపివేయబడిన యువపండితుడు జియా యీ, షియాంగ్ నది దాటుతూ తనకు ముందు ఇదే గతి పట్టిన మంత్రిని తలచుకుని ఒక శోకకావ్యం రాసి ఆ నీటిలో వదిలాడు. అందులోనే, అంత ప్రతిభ గలవాడు ఏ రాజ్యానికి వెళ్లినా ఆదరణ దొరికేదే గదా, ఈ ఒక్క రాజ్యాన్నే పట్టుకుని వేలాడడమెందుకని నిష్ఠూరం కూడా ఆడాడు. క్రీ.పూ. 53లో పుట్టిన యాంగ్ షియోంగ్ మరి కాస్త ముందుకు వెళ్లి, కాలం కలిసి రానప్పుడు ఒదిగి ఉండాలి గాని ప్రాణం తీసుకోవలసిన పని లేదన్న భావంతో ఏకంగా ఒక ఖండనకావ్యం రాసి, మిన్ కొండ మీది నుంచి నదిలో విసిరాడు. పరలోకం మీద ఈ పండితుల అభిప్రాయాలు ఎలా ఉన్నా, చనిపోయినవాడితో వాదించడానికి కావ్యాన్ని నీటిలో వేయవలసి రావడం గమనించదగ్గది. వినేవాడు లేడని గట్టిగా నమ్మినవాడు ఆ పని చేయడు. ఇక చ్యూ యువాన్ చేసినది త్యాగమా, మొండితనమా అన్న వివాదం పండితుల మధ్య ఆ తరువాత కూడా చాలాకాలం నడిచింది. అన్నం పెట్టినవారు మాత్రం ఆ తీర్పు కోసం ఆగలేదు.

అన్నం విషయానికి వస్తే, పొట్లం ముందు, కథ తరువాత అని చెప్పక తప్పదు. క్రీ.శ. మూడవ శతాబ్దానికి చెందిన జౌ చు, తన ప్రాంతపు ఆచారాలను వివరిస్తూ రాసి, ఇప్పుడు ఇతర గ్రంథాల్లోని ఉల్లేఖనాల ద్వారానే తెలిసే 'ఫెంగ్‌తు జీ'లో, జిగురు వరిగలను నీటిగడ్డి ఆకుల్లో చుట్టి బూడిద తేట నీటిలో మెత్తగా ఉడికించిన పొట్లాన్ని అయిదవ నెల అయిదవ రోజునా, పగలు అత్యంత దీర్ఘంగా ఉండే నడివేసవి రోజునా తినేవారని రాశాడు. ఈ ఉల్లేఖనంలో చ్యూ యువాన్ ప్రసక్తి లేదు. బదులుగా ఒక విశ్వతత్త్వం ఉంది. చైనా తత్త్వచింతనలో యాంగ్ అంటే వేడి, వెలుగు, విస్తరణ. యిన్ అంటే చల్లదనం, చీకటి, ముడుచుకోవడం. ఒకటి పతాకస్థాయికి చేరిన క్షణంలోనే రెండవది దాని కడుపులో పుడుతుంది గనుక, నడివేసవి అంటే యాంగ్ నిండుగా ఉండి యిన్ అప్పుడే తలెత్తే సంధికాలం. ఈ రెండూ ఇంకా విడిపోకుండా ఒకదానినొకటి చుట్టుకుని ఉన్న స్థితికి ఆకులో చుట్టిన గింజలు ప్రతీక అని జౌ చు వ్యాఖ్యానం. ఈ దశలో పొట్లం ఎవరికీ నైవేద్యం కాదు. ఋతువు మలుపు తిరిగే వేళ మనిషి దేహాన్ని ప్రకృతి క్రమంతో జతపరిచే ఆహారం మాత్రమే.

ఆ సంధికాలం భయంకరమైనదనే నమ్మకమూ అంతే పాతది. వేడి, తేమ, పురుగు, జ్వరం ఒక్కసారిగా కమ్ముకునే అయిదవ నెలను చెడు నెలగా ఎంచి, ఆ నెల అయిదవ రోజున పుట్టిన బిడ్డ గుమ్మమంత ఎత్తు ఎదిగాక తల్లిదండ్రులకు కీడు చేస్తాడని భావించేవారు. చీ రాజ్యంలో సరిగ్గా ఆ రోజునే పుట్టిన తియెన్ వెన్‌ను పెంచవద్దని తండ్రి ఆజ్ఞాపించగా తల్లి రహస్యంగా పెంచిందనీ, పెద్దవాడైన ఆ కొడుకు, మనిషి ఆయువు గుమ్మం చేతిలో ఉంటే గుమ్మం ఎత్తు పెంచితే సరిపోతుంది గదా అని తండ్రి నోరు మూయించాడనీ 'షీజీ' చెబుతుంది. ఇంతటి తర్కం పుట్టాక కూడా భయం పోలేదు. నేటికీ ఆ రోజున వాకిళ్లకు రెండు రకాల మొక్కలు వేలాడదీస్తారు: ఒకటి, తెలుగునాట పసిబిడ్డల నాలుకకు రాసే వస, రెండవది, వినాయకచవితి పత్రిలో చేరే మాచిపత్రికి దగ్గరి చుట్టమైన మరో మొక్క. వస ఆకు కత్తిలా ఉంటుంది గనుక దుష్టశక్తులు బెదురుతాయని వారి విశ్వాసం. పిల్లల చేతులకు కట్టే అయిదు రంగుల దారం పని కూడా రక్షణే.

ఈ నేపథ్యంలోకి చ్యూ యువాన్ ఎలా ప్రవేశించాడో తెలిపే కథ వు జ్యున్ (469–520) సంకలనం చేసిన వింతకథల గ్రంథంలో ఉంది. చ్యూ యువాన్ అయిదవ నెల అయిదవ రోజున నీటిలో మునిగాడనీ, చు ప్రజలు ఏటా అదే రోజున వెదురు గొట్టాల్లో బియ్యం నింపి నదిలో వేసేవారనీ చెప్పి, కథ ఒక అనూహ్యమైన మలుపు తీసుకుంటుంది. హాన్ వంశపు జియాన్‌వు యుగంలో, అంటే క్రీ.శ. 25–56 మధ్య, చాంగ్షాకు చెందిన ఒక మనిషికి ఎవరో ఎదురై, తాను మూడు రాజకుటుంబాల వ్యవహారాలు చూసిన అధికారినని చెప్పుకున్నాడు. అది చ్యూ యువాన్ నిర్వహించిన పదవి. మీరు పెడుతున్నది మంచిదే గాని నీటి నాగం దాన్ని కాజేస్తున్నదనీ, ఇకపై గొట్టం మూతిని ఒకానొక చెట్టు ఆకుతో మూసి అయిదు రంగుల దారంతో కట్టమనీ, ఆ రెండింటికీ అది భయపడుతుందనీ అతను చెప్పాడు. ఆ చెట్టు మరేదో కాదు, తెలుగువారు తురక వేప అని పిలిచేదే. పొట్లానికి ఆకూ దారమూ అలా వచ్చాయని కథ ముగుస్తుంది.

జానపద కథగా చదివి వదిలేయడానికి వీలులేని పదును దీనిలో ఉంది. చనిపోయినవారికి పెట్టే అన్నం విషయంలో కన్ఫ్యూషియస్ దృష్టి అంతా పెట్టేవాడి మనసు మీదనే నిలిచింది: పితృదేవతలు ఎదుటనే ఉన్నట్టు భావించి అర్పించాలనీ, తాను స్వయంగా పాల్గొనని అర్పణ అర్పణే కాదనీ అతని వైఖరి, వారు నిజంగా వచ్చి స్వీకరిస్తారా అన్న ప్రశ్నను ఆయన తెలిసే పక్కన పెట్టాడు. వు జ్యున్ కథలోని ప్రేతాత్మ మాట్లాడేది దీనికి పూర్తిగా ఎదురు. మీ భక్తిలో లోపం లేదు, అయినా నాకు అందడం లేదు అంటున్నాడతను. శ్రద్ధ ఉంటే చాలుననే సిద్ధాంతానికి ఇంతకంటే సూటి అభ్యంతరం దొరకదు. పుచ్చుకునేవాడి ఆకలి ఇక్కడ పెట్టేవాడి భావన మీద ఆధారపడని ఒక వాస్తవం. దానికి దారి ఉంది, దారిలో దొంగ ఉన్నాడు, దొంగను తప్పించే ఉపాయమూ ఉంది. బ్రతికి ఉన్నప్పుడు మధ్యలోని వారి చాడీల వల్ల రాజుకు తన మాట చేరని మంత్రి, చనిపోయాక కూడా మధ్యలోని వాడి వల్లనే తనకు అన్నం చేరడం లేదని ఫిర్యాదు చేయడంలో ఆ జీవితమంతా మళ్లీ కనబడుతుంది. ఈ పోలికను కథకుడు కావాలని పెట్టాడో లేదో గాని, శతాబ్దాలుగా విన్నవారి మనసుకు కథ పట్టడానికి ఇదీ ఒక కారణమే అయి ఉండాలి.

అయితే ఈ కథ మరొక పాత నియమాన్ని కూడా మీరుతుంది. మనిషిలో హున్ అనే తేలికైన పైకెగసే ఆత్మా, పో అనే దేహాన్ని అంటిపెట్టుకున్న ఆత్మా ఉంటాయనీ, బలాత్కార మరణం పొందినవారి ఈ రెండు ఆత్మలూ చెదరక మనుషులను పట్టి పీడించగలవనీ, క్రీ.పూ. 535 నాటి సంఘటన ఒకదానిలో జెంగ్ రాజ్యపు మంత్రి జిచాన్ వివరించినట్టు 'జువో జువాన్' అనే చరిత్రగ్రంథం నమోదు చేసింది. హత్యకు గురైన బో యౌ అనే ప్రభువు దయ్యమై జనాన్ని హడలెత్తిస్తుంటే, జిచాన్ అతని కొడుకుకు పదవి ఇచ్చి, తండ్రికి అర్పణలు సాగేలా చేసి శాంతింపజేశాడు. పరిష్కారం కొడుకు ద్వారానే జరిగిందన్నది ముఖ్యం. ఆత్మలు తమ వంశం కానివారి అర్పణ స్వీకరించవన్నది అదే గ్రంథంలో కనిపించే నియమం. తనది కాని ఆత్మకు అర్పించడం ముఖస్తుతి కిందికి వస్తుందని కన్ఫ్యూషియస్ కూడా అభిప్రాయపడ్డాడు. ఈ లెక్కన చ్యూ యువాన్‌కు చాంగ్షా రైతు పెట్టే అన్నం చెల్లదు. దేశసేవలో ప్రాణం విడిచినవారికి రాజ్యం అర్పణ చేయవచ్చునని తరువాతి కర్మకాండ గ్రంథాలు ఒక వెసులుబాటు కల్పించిన మాట నిజమే గాని, మిలువో తీరపు జనం రాజాజ్ఞ కోసం ఎదురుచూసినట్టు ఏ కథా చెప్పదు. ఎవరి మాట రాజు వినక రాజ్యం మునిగిందో, అతనికి ఆ రాజ్యపు ప్రజలే వారసులయ్యారు. పండుగకున్న మతపరమైన సాహసం ఇక్కడే ఉంది.

చు దేశానికి ఇది పూర్తిగా కొత్త ఆలోచన కూడా కాదు. చు ప్రాంతపు కవితల సంకలనంలో ఆత్మను వెనక్కి పిలిచే కావ్యం ఒకటి ఉంది. దిక్కు తప్పి తిరిగే ఆత్మకు నలుదిక్కులలోని భయాలు చెప్పి, ఇంట్లో వండి ఉంచిన అన్నం, మాంసం, చెరకు రసం వర్ణించి ఊరిస్తూ తిరిగి రమ్మని వేడుకోవడం దాని తీరు. సిమా చియెన్ దాన్ని చ్యూ యువాన్ రచనగా పేర్కొంటే, రెండవ శతాబ్దపు వ్యాఖ్యాత వాంగ్ యీ, చ్యూ యువాన్ ఆత్మను పిలవడానికే సోంగ్ యూ అనే కవి దాన్ని రాశాడన్నాడు. కర్తృత్వం ఎవరిదైనా, చు ప్రజలు ఆత్మను తర్కంతో గాక భోజనంతో పిలిచేవారన్నది దాని వల్ల స్పష్టం.

తర్కంతో ఈ ఆచారాన్ని పరీక్షించినవారిలో ముగ్గురిని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మొదటివాడు షున్‌జి. అతను సుమారు క్రీ.పూ. 255లో చు రాజ్యంలోనే లాన్‌లింగ్ అధికారిగా నియమితుడయ్యాడు, అంటే చ్యూ యువాన్ మరణించాడని చెప్పే ఏడాదికి పాతికేళ్లలోపే. అర్పణ అంటే పోయినవారి మీది తలపోత, ఆరాటం ఒక రూపం తెచ్చుకోవడమనీ, వివేకి దాన్ని మనుషుల ధర్మంగా చూస్తే సామాన్యులు ఆత్మల సేవగా చూస్తారనీ ఆయన తేల్చాడు. వినడానికి గంభీరంగా ఉన్నా ఇందులో కొంత పండిత గర్వం ఉంది. సామాన్యుడు నమ్మకపోతే వివేకి మెచ్చుకోవడానికి ఆచారమే మిగలదు. రెండవవాడు క్రీ.శ. 27లో పుట్టిన వాంగ్ చోంగ్. చాంగ్షా మనిషికి ఆత్మ కనబడిందని చెప్పే యుగంలోనే ఇతనూ పెరిగాడు. చచ్చినవారికి తెలివి ఉండదు, నోరుండదు, తినడం అసంభవం, కాబట్టి అర్పణ ఉపకారానికి కృతజ్ఞతగానూ పూర్వికుల పట్ల గౌరవంగానూ మాత్రమే అర్థవంతమన్నది ఆయన వాదం. అన్యాయంగా చచ్చినవారి కోపం వల్ల నదులు పోటెత్తుతాయన్న నమ్మకాన్ని ఖండిస్తూ, చ్యూ యువాన్ కూడా కసితోనే మునిగాడు గాని ఆ నది పోటెత్తలేదు గదా అని ఎత్తిచూపాడు.

వీరిద్దరికంటే ముందువాడైన మోజి చెప్పినది, ఆచారాన్ని దగ్గరగా చూసినవాడి మాటలా ఉంటుంది. క్రీ.పూ. అయిదవ శతాబ్దపు ఈ తత్త్వవేత్త ఆత్మలున్నాయని గట్టిగా నమ్మినవాడే అయినా, లేవని వాదించేవారికి ఒక సమాధానం సిద్ధంగా ఉంచాడు. ఆత్మలు ఉంటే మన తల్లిదండ్రులకే తిండి పెట్టినట్టు. లేవనుకున్నా ఆ తిండి మురుగుకాలువలో పోయడం లేదు, బంధువులూ ఊరివారూ కలిసి తింటారు, పదిమంది కలిసిన సంతోషం మిగులుతుంది అన్నాడు. నైవేద్యం పెట్టి ప్రసాదం పంచుకునే సమాజాలకు ఈ వాదం కొత్త కాదు. జోంగ్‌జి విషయంలో మాత్రం దీనికి ఒక అడ్డంకి ఉంది: కథ ప్రకారం అన్నం పోయేది నీటిలోకే గాని మనుషుల నోటిలోకి కాదు. ఆ అడ్డంకిని ఆచారమే క్రమంగా తొలగించుకుంది. నేడు లక్షల ఇళ్లలో పొట్లాలు కట్టేది తినడానికీ, ఇరుగుపొరుగుకు పంచడానికీ. నదిలో వేసేవి ఏ కొద్దో ఉంటే ఉంటాయి. నాగాన్ని బెదిరించడానికి వచ్చిందన్న చేదు ఆకు స్థానంలో అన్నానికి సువాసన ఇచ్చే వెదురాకు నిలిచింది. ఆకు ఇప్పుడు పనిచేసేది తినేవారి కోసం.

కథ కూడా దానికి తగినట్టే సర్దుకుంది. ప్రస్తుతం ఎక్కువగా వినిపించే కథనంలో ఆకలిగొన్న ఆత్మ లేదు. చేపలు అన్నం తిని కడుపు నింపుకుని చ్యూ యువాన్ దేహాన్ని ముట్టకుండా ఉండాలని జనం పొట్లాలు వేశారంటారు. రెండు కథలకూ తేడా చిన్నదిగా కనబడినా, సిద్ధాంతంలో అది పెద్దది. ఒకదానిలో అన్నం చచ్చినవాడికి, మరొకదానిలో చేపలకు. రెండవ కథను ఆత్మలున్నాయని నమ్మనివారు కూడా చెప్పుకోవచ్చు. వాంగ్ చోంగ్ సైతం కాదనలేడు. తల్లిదండ్రులు ఇచ్చిన దేహాన్ని చెడకుండా కాపాడుకోవడమే పుత్రధర్మానికి మొదటి మెట్టని బోధించిన సంస్కృతిలో, చెక్కుచెదరని శవం కోసం ఊరంతా పాటుపడడం చిన్న విషయం కాదు. అయినా పాత కథలోని ఫిర్యాదు చేసే ఆత్మ ముందు ఈ కొత్త కథ కొంత వెలవెలబోతుందనే చెప్పాలి.

ఇంతకూ ఆ రోజున తలచుకునేది ఒక్క చ్యూ యువాన్‌నేనా అంటే, కాదు. ఆరవ శతాబ్దంలో చు ప్రాంతపు పండుగల గురించి రాసిన జోంగ్ లిన్, పడవ పందేలు చ్యూ యువాన్‌ను రక్షించడానికి బయలుదేరిన పడవల గుర్తుగా సాగుతాయని చెబుతూనే, తూర్పున వు ప్రాంతంలో ఇది వు జిషు కోసమని కూడా రాశాడు. ఆ వు జిషు పుట్టుకతో చు దేశస్థుడు. తండ్రినీ అన్ననూ చు రాజు చంపించగా పారిపోయి వు రాజ్యంలో చేరి, క్రీ.పూ. 506లో ఆ సైన్యంతో వచ్చి సొంత దేశపు రాజధానినే పట్టుకుని, చనిపోయిన రాజు శవాన్ని తవ్వి తీయించి కొరడాతో కొట్టాడని 'షీజీ' కథనం. తరువాత వు రాజు కూడా అతని హితవు వినక, క్రీ.పూ. 484లో ఆత్మహత్యకు ఆజ్ఞాపించి, శవాన్ని తోలుసంచిలో కట్టించి నదిలో వేయించాడు. మరో రాజ్యానికి వెళ్లకూడదా అని జియా యీ చ్యూ యువాన్‌ను అడిగిన ప్రశ్నకు ముందే దొరికిన జవాబులా ఉంది వు జిషు జీవితం: వెళ్లినవాడి గతీ నీళ్లే అయింది. చు కోసం చచ్చినవాడికీ, చు మీద పగ తీర్చుకున్నవాడికీ ఒకే రోజున పొట్లం కట్టే సంప్రదాయం దేశభక్తి అనే ఒకే కొలతకు లొంగదు. ఇద్దరిలోనూ ఉమ్మడిగా ఉన్నది, నిజం చెప్పి నష్టపోవడం.

ఆధునిక కాలం మాత్రం ఆ కొలతనే ఎంచుకుంది. జపాన్‌తో యుద్ధం సాగుతున్న 1941లో చోంగ్‌చింగ్‌లో చేరిన రచయితలు దువాన్వును కవుల దినంగా జరిపి చ్యూ యువాన్‌ను జాతీయ ప్రతిఘటనకు గుర్తుగా నిలిపారు. అదే తరానికి చెందిన కవి, పరిశోధకుడు వెన్ యీదువో (1899–1946), ఈ పండుగ చ్యూ యువాన్ కంటే చాలా పాతదనీ, నాగాన్ని కులదైవంగా కొలిచిన దక్షిణాది వు, యువే జాతుల నాగపూజ నుంచి పుట్టిందనీ వాదించాడు. ఆ వాదమే నిజమైతే, వు జ్యున్ కథలో దొంగగా మారిన నీటి నాగం ఒకప్పుడు ఆ అన్నానికి అసలు హక్కుదారు అయి ఉండాలి. ఇది ఊహే అయినా, పాత దేవతలను కొత్త కథలు దొంగలుగా మార్చడం మతచరిత్రలో అరుదైన విషయమేమీ కాదు.

2008 నుంచి చైనాలో దువాన్వు ప్రభుత్వ సెలవు దినం. 2009లో యునెస్కో ఈ పండుగను మానవజాతి అవ్యక్త సాంస్కృతిక వారసత్వ పట్టికలో చేర్చినప్పుడు నాలుగు ప్రాంతాల ఆచారాలను కలిపి ఒకే పండుగగా గుర్తించింది. వాటిలో చ్యూ యువాన్ జన్మస్థలంగా చెప్పే జిగుయ్, అతను మునిగిన మిలువోతో పాటు వు జిషును తలచుకునే సూజౌ కూడా ఉంది.